లిథియం, సోడియం, పొటాషియం, ఒక ఖాళీ మంచం

ఆ రోజుల్లో నాకు చదువు మీద ఉన్న నమ్మకం ఇప్పుడు తలుచుకుంటే కొంచెం భయం వేస్తుంది. బీఎస్సీ కెమిస్ట్రీ పాసైన మనిషి ముందు ఏ చిక్కుముడీ నిలవదని, ఒకవేళ నిలిస్తే తప్పు ముడిదే కాని మనిషిది కాదని గట్టిగా అనుకునేవాణ్ణి. ఆ తరవాత చాలా ఏళ్ళు దినపత్రిక డెస్కులో కూర్చుని, జిల్లాల నుంచి వచ్చిపడే వార్తల్లో ఏది ఏ పేజీకి చెందుతుందో తేల్చలేక జుట్టు పీక్కున్నాను కనుక ఆ నమ్మకం దానంతట అదే అరిగిపోయింది. కానీ ఇరవై మూడేళ్ళ వయసులో, ఒమన్‌లో నిజ్వా ఊరి శివార్లలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ లేబర్ క్యాంపులో కాలు పెట్టిన రోజున అది కొత్త చెప్పుల్లా కిర్రుమంటూ ఉండేది. (ఆ చప్పుడు నాకు తప్ప క్యాంపులో అందరికీ వినపడేదని తరవాత తెలిసింది.)

నన్ను అక్కడికి తెప్పించింది మా బావ, అంటే మా అక్క భర్త. ఆ కంపెనీలో ఫోర్‌మన్. డిగ్రీ అయ్యాక నేను ఇంట్లో కూర్చుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం తప్ప మరో పని చెయ్యకపోవడం చూసి, అక్క ఫోనులో కన్నీళ్ళు పెట్టుకుంటే, బావ తన పైవాళ్ళను బతిమాలి నాకు క్యాంపు క్లర్కు ఉద్యోగం ఇప్పించాడు. ఎవరికి ఏ రూమ్, నీళ్ళ ట్యాంకరు వచ్చిందా లేదా, ఏసీ చెడిపోతే ఎవరికి ఫోను చెయ్యాలి, ఇదీ నా డ్యూటీ. మూడు నెలలు చూస్తారు. పనికొస్తాడనుకుంటే పక్కా కాగితాలు, లేకపోతే ఇంటికి టికెట్టు.

క్యాంపంటే రేకుల గదుల వరసలు. ఒక్కో గదిలో నాలుగు మంచాలు, ఒక ఏసీ, ఆ ఏసీకి ఒక రిమోటు, ఆ రిమోటు కోసం నాలుగు చేతులు. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వైపువాళ్ళు. ఒక ఊరివాళ్ళు ఒక రూమ్‌లో ఉండటం అక్కడి ఆచారం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఊరివాళ్ళతో పాటు ఊరి తగాదాలు కూడా అదే విమానంలో వస్తాయి. ఒక రూమ్‌లో ఇద్దరి పొలాలు ఊళ్ళో పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో సరిహద్దు గెట్టు తగాదా ఉంది. వాళ్ళు నిజ్వాలో గది మధ్య సుద్దతో గెట్టు గీసుకున్నారు. ఒకడి చెప్పు గీత దాటితే రెండోవాడు పంచాయితీ పెట్టేవాడు. ఇంకో రూమ్‌లో మేనమామ, మేనల్లుడు ఒక పెళ్ళిలో బట్టలు పెట్టలేదన్న కోపంతో ఒకరి కూర ఒకరు ముట్టేవాళ్ళు కాదు. పొద్దున సైట్‌లో పక్కపక్కనే కడ్డీలు వంచే మనుషులు సాయంత్రం గదిలో ఇలా ఉండేవాళ్ళు.

ఈ గొడవలు కంపెనీ మేనేజరు చెవిన పడ్డాయి. ఆయన్ని అందరూ ముదీర్ అనేవాళ్ళు, అరబ్బీలో మేనేజరని అర్థం. నిజ్వా మనిషే, నెమ్మదస్తుడు, ఉర్దూ ధారాళంగా మాట్లాడేవాడు. ఒక రోజు బావనూ నన్నూ పిలిచి, "కొత్త బ్యాచ్ వస్తోంది. వాళ్ళు దిగిన తరవాత శుక్రవారం నేనే వచ్చి రూమ్ రూమ్‌కూ అడుగుతాను. అప్పటికీ మంచాల గొడవలే అయితే ఈ పిల్లవాడు ఖలాస్," అన్నాడు. ఆ ఆఖరి మాటకు తర్జుమా అక్కర్లేదు.

బయటికి రాగానే బావ నా భుజం పట్టుకున్నాడు. "ఇన్నవా? నీ నెత్తి మీదికొచ్చింది. నేను మాటిచ్చి తెప్పిచ్చిన నిన్ను. నువ్వు ఎన్కకు పోతె మీ అక్క ముంగట నేనేం మొఖం పెట్టుకోవాలె?"

"ఊరోళ్ళను ఊరోళ్ళతోటి పెట్టుడే తప్పు బావా. అది శాస్త్రీయం కాదు."

"మరి ఏది శాస్త్రీయం?"

నేను ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు చెప్పడం మొదలుపెట్టాను. రెండు వందల ఏళ్ళ కిందట మూలకాలు ఒక్కొక్కటే బయటపడుతూ, ఏది దేనికి చుట్టమో తెలియక రసాయన శాస్త్రం అంగడిలా ఉన్నప్పుడు, జర్మనీలో ఒకాయన ఒక తమాషా గమనించాడు. లిథియం, సోడియం, పొటాషియం మూడూ ఒకే పోలికవి. మెత్తటి లోహాలు, నీళ్ళు తగిలితే ఊరుకోవు. లిథియం బుసబుసమంటుంది, సోడియం చిందులు తొక్కుతుంది, పొటాషియం భగ్గుమంటుంది. బరువులు చూస్తే, నడిమిదాని బరువు అటూ ఇటూ ఉన్న రెండింటి సగటు. అలాంటి జట్లు ఆయనకు ఇంకొన్ని దొరికాయి. అంటే ప్రకృతిలో మూడేసి మంది చొప్పున కలిసి ఉండే ఏర్పాటు ఏదో ఉందన్నమాట.

బావ అంతా విని, "అవి మందులు. ఈళ్ళు మనుషులు," అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. (ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. ఇప్పుడు ఎవరైనా కుర్రాడు నా ముందు అలా నవ్వితే కుర్చీలోంచి లేస్తాను.)

ఆ జర్మనీ ఆయన జట్టు నాకు మొదటి వారంలోనే దొరికింది. పొద్దున నల్లాల దగ్గర క్యూలో ముగ్గురు మనుషులు రోజూ గొడవపడేవాళ్ళు. ఒకాయన పెద్దవాడు, షట్టరింగ్ కార్పెంటరు. ఎవరైనా బకెట్టు ముందుకు జరిపితే బుసబుసమని సణుక్కునేవాడు. రెండోవాడు స్టీలు పని చేసేవాడు, చిందులు తొక్కేవాడు. మూడోవాడు కుర్ర మేస్త్రి, బకెట్టు జరిగీ జరగకముందే భగ్గుమనేవాడు. నీళ్ళు తగిలితే ఊరుకోనివాళ్ళు! నేను వాళ్ళను ఏసీ గురించి అడిగాను. పెద్దాయనకు ఇరవై ఆరు మీద ఉండాలి, మోకాళ్ళ నొప్పులు. కుర్రవాడికి పద్దెనిమిది. నడిమివాడికి? "ఇరవై రెండు," అన్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇరవై ఆరు, పద్దెనిమిది కలిపి సగం చేస్తే ఎంతో మీరే చెప్పండి.

ముగ్గురినీ ఒకే రూమ్‌లో వేసి, ఏసీ ఇరవై రెండు మీద పెట్టించి, మెట్ల మీద నిలబడి వాళ్ళకు విషయం వివరించాను. కుర్రవాడు పూర్తిగా విన్నాడు. "అంటే నేను పొటాషియమా సారూ?" అన్నాడు. అవునన్నాను. "మరి ఈ ముసలాయన?" లిథియం అన్నాను. "తేలికదా, బరువైనదా?" అన్నిటికంటే తేలికైన లోహం అన్నాను. పెద్దాయన మొహం మాడిపోయింది. "నా ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు చేసిన. నేను తేలికోణ్ణా?" అని ఆయన బుసబుసలాడటం మొదలుపెట్టాడు. మర్నాటికి ఆ పేర్లు క్యాంపంతా పాకిపోయాయి. "ఓ సోడియమన్నా, జర నీళ్ళు ఇడువు" అనే కేకలు నల్లాల దగ్గర వినపడేవి. వాళ్ళు ముగ్గురూ మాత్రం ఆ రూమ్‌లో నిమ్మళంగానే ఉన్నారు. ఇరవై రెండు మీద అటు పెద్దాయనకూ ఇటు కుర్రవాడికీ సమానంగా ఇబ్బందిగా ఉండటమే కారణమని నాకు తోచలేదు. నేను కాలరెగరేశాను.

చిక్కు తరవాత వచ్చింది. జర్మనీ ఆయనకు దొరికినట్టే నాకూ రెండు మూడు జట్లు దొరికి ఆగిపోయాయి. మిగతావాళ్ళను బలవంతంగా మూడేసి చేశాను. జొన్నరొట్టె తినే నిర్మల్ మనిషినీ, అన్నం లేకుండా బతకలేని మెట్‌పల్లి మనిషినీ పెట్టి, నడుమ రెండూ సగం సగం తింటాడనుకున్న మనిషిని వేస్తే, ఆయన రెండూ ముట్టకుండా కొట్టు నుంచి ఖుబూస్ రొట్టెలు తెచ్చుకుని గోడ వైపు తిరిగి తినడం మొదలుపెట్టాడు. పైగా గదికి నాలుగు మంచాలు, నా జట్లేమో ముగ్గురేసి. ఏ జట్టులోనూ ఇమడనివాళ్ళను మెస్ హాల్లో పడుకోబెట్టాను. పొద్దున వంటకు వచ్చినవాళ్ళు వాళ్ళను దాటుకుంటూ పొయ్యిల దగ్గరికి పోవలసి వచ్చేది. "సారూ, మేమేం పాపం జేసినం?" అని వాళ్ళు అడిగితే, "మీ జట్టు ఇంకా తెలియలేదు" అనేవాణ్ణి. అందులో ఒకాయన, వయసులో నాన్నంతటివాడు, "నా జట్టు జగిత్యాల్ల ఉన్నది తమ్మీ, తోలియ్యరాదు," అన్నాడు. ఏం చెప్పినా వీళ్ళకు అర్థం కాదేమని నాకు చిరాకు వేసింది.

సరే, శాస్త్రం అక్కడ ఆగలేదు, నేనూ ఆగలేదు. జర్మనీ ఆయన తరవాత లండన్‌లో ఒకాయన మూలకాలను బరువు ప్రకారం వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. ప్రతి ఎనిమిదోదీ మొదటిదాని పోలికలో ఉన్నట్టు కనిపించింది. మనకు స, రి, గ, మ అని ఏడు స్వరాలు అయ్యాక మళ్ళీ స వచ్చినట్టే. ఇంత అందమైన ఆలోచన తప్పెలా అవుతుంది? ఒక సాయంత్రం సైట్ స్టోరు నుంచి కాటా తెప్పించి క్యాంపు నడిమధ్య పెట్టాను. సిమెంటు బస్తాలు తూచే కాటా.

"ఏంది, మమ్ముల తూకానికి అమ్ముతవా?" అని సోడియం చిందులు తొక్కాడు.

"ఈయనను తూచకు సారూ, పొట్ట నిండ బువ్వున్నది, లెక్క తప్పుతది," అన్నాడు పొటాషియం, లిథియాన్ని చూపించి.

"నోరు మూసుకో పోరడా."

అందరినీ తూచి, బరువు వరసలో పెట్టి, ప్రతి ఎనిమిదోవాణ్ణీ మొదటివాడితో కలిపాను. మొదట్లో నిజంగానే కలిసింది. మొదటివాడూ ఎనిమిదోవాడూ ఇద్దరూ వంట చేస్తూ పాడేవాళ్ళు. రెండోవాడూ తొమ్మిదోవాడూ ఇద్దరూ శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. బరువు పెరిగేకొద్దీ వరస చెడింది. నీచు వాసనకే వాంతి చేసుకునే మనిషి రూమ్‌లో ఎండుచేపలు వేయించే మనిషి వచ్చి పడ్డాడు. (లండన్ ఆయన వరస కూడా కాల్షియం దాకా బాగా నడిచి ఆ తరవాత ఇలాగే గతి తప్పింది. నేను ఆ పేజీ చదివే ఉన్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.) ఇంకా పెద్ద పొరపాటు మరొకటి చేశాను. లండన్ ఆయన తన వరస కుదరడం కోసం కోబాల్ట్‌నూ నికెల్‌నూ ఒకే గడిలో ఇరికించాడు, రెండింటి బరువూ దాదాపు ఒకటే కనుక. నా కాటా మీద కూడా ఇద్దరి బరువు సరిగ్గా ఒకటే వచ్చింది. నా కోబాల్ట్‌ది పగలు ప్లాస్టరింగ్ డ్యూటీ, నికెల్‌ది రాత్రి వాచ్‌మన్ డ్యూటీ. ఇద్దరికీ ఒకే మంచం ఇచ్చాను. ఒకడు లేచేసరికి ఇంకొకడు వస్తాడు, మంచం ఖాళీగా ఉండదు, ఏమి తెలివి!

శుక్రవారం సెలవన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

నేను వెళ్ళేసరికి నికెల్ మంచం పక్కన నిలబడి ఉన్నాడు, కోబాల్ట్ నిండా దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"లే. నా టైమైంది."

"ఇయ్యాల జుమ్మా. ఇయ్యాల టైమ్ లేదు గీమ్ లేదు."

"తెల్లందాక కాపలా ఉండచ్చిన. నేనేడ పండాలె? సారు నెత్తి మీదనా?"

"పండు. జాగ బాగనే ఉన్నది."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఏదో చెప్పబోతే కోబాల్ట్ దుప్పట్లోంచే, "నువ్వు మాట్లాడకు సారూ. నువ్వు మాట్లాడితె ఇంకొకణ్ణి తెచ్చి మా నడుమ పండవెడ్తవ్," అన్నాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ ఒకే మంచం మీద చెరో వైపు తిరిగి, మధ్యలో దిండు పెట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా పడుకున్నారు. అలా ఎన్నాళ్ళో మాట్లాడుకోలేదు.

సాయంత్రం బావ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "మూడు మూడు వెట్టినవ్. ఎన్మిది ఎన్మిది వెట్టినవ్. ఇగ పేర్లను అ, ఆ, ఇ, ఈ వరుసల పెట్టి చూడరాదు? అది గూడ ఒకటి అయిపోతది," అన్నాడు. నేను తెల్లబోయాను. లండన్ సభలో ఆ పెద్దమనిషి తన ఎనిమిదుల లెక్క చదివినప్పుడు, ముందు వరసలోంచి ఒకరు లేచి అచ్చంగా ఇదే అడిగారట, అక్షరాల వరసలో పెట్టి చూశారా అని. సభ అంతా నవ్విందట. పాపం ఆయన ఎంత చిన్నబోయి ఉంటాడో నాకు నిజ్వాలో రేకుల గది ముందు తెలిసింది. తెలిసి మాత్రం ఏం లాభం, కొత్త బ్యాచ్ వచ్చే రోజు దగ్గర పడుతోంది. అక్కకు ఫోను చెయ్యడం మానేశాను.

ఇక మిగిలింది రష్యా గడ్డపాయన. ఆయన మూలకాల పేర్లు అట్టముక్కల మీద రాసుకుని పేకముక్కల్లా పేర్చుకుంటూ, ఎక్కడైనా సరైన ముక్క దొరక్కపోతే బలవంతంగా ఇరికించకుండా అక్కడ ఖాళీ వదిలేశాడు. ఇక్కడికి రావలసింది ఇంకా దొరకలేదు, దొరికినప్పుడు దాని బరువు ఇంత ఉంటుంది, గుణం ఇలా ఉంటుంది అని ముందే చెప్పాడు. కొన్నేళ్ళకు అవి దొరికాయి, ఇంచుమించు ఆయన చెప్పినట్టే. నేనూ మెస్ హాలు వాళ్ళను లోపలికి తెచ్చి, కోబాల్ట్‌కూ నికెల్‌కూ వేరే మంచాలిచ్చి, గెట్టు మనుషులిద్దర్నీ విడదీసి, మంకుపట్టు పట్టకుండా అటూ ఇటూ సర్దాను. అంతా సర్దాక లిథియం వాళ్ళ రూమ్‌లో నాలుగో మంచం మిగిలింది. దానికి ఎవరూ కుదరలేదు. ఖాళీ వదిలేశాను.

బావ మండిపడ్డాడు. "వచ్చెటోళ్ళు ఎక్కువై మంచాలు తక్కువున్నయంటే, ఇది ఖాళీ ఉంచుతవా?"

"వచ్చేవాడున్నాడు బావా. కొత్త బ్యాచ్‌లో వస్తాడు. లిథియానికీ సోడియానికీ నడుమ ఉంటాడు. ఏసీ ఇరవై నాలుగు మీద కావాలంటాడు. నీళ్ళ దగ్గర తొందరపడడు. పప్పు వండుతాడు. గురక పెట్టడు, ఎక్కువ మాట్లాడడు."

"అసొంటోడు దొరికితె ఈ క్యాంపుకెందుకస్తడురా, పిల్లనిచ్చి ఇంట్ల పెట్టుకుంటరు!"

మస్కట్ నుంచి బ్యాచ్ బస్సు మధ్యాహ్నం ఎండలో వచ్చి ఆగింది. మనుషులు అలసిపోయి, సంచులు ఒళ్ళో పెట్టుకుని నీడలో కూర్చున్నారు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "అన్నా, ఏసీ ఎంత మీద పెట్టుకుంటరు?" అని అడిగాను. ఒకాయన బెదిరిపోయి, "ఇది గూడ ఇంటర్వ్యూల అడుగుతరా? ఏజెంటు చెప్పనేలేదు," అన్నాడు. ఇంకొకాయన ముందు మంచినీళ్ళు ఇప్పించమన్నాడు. ఆఖర్న ఒక మూల కూర్చున్న నిర్మల్ మనిషి నా ప్రశ్న విని కొంచెం ఆలోచించి, "ఇరవై నాలుగైతె మంచిగుంటది," అన్నాడు. నా గుండె ఆగింది. పప్పు వండుతావా? "పప్పుచారు చేస్త." గురక? "మా ఇంటామె ఎన్నడనలే." నల్లా దగ్గర క్యూలో? "ఎన్కకుంట. తొందరేమున్నది." నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ క్షణంలో రష్యా ఆయనకూ నాకూ తేడా లేదు. అప్పుడే బస్సు డ్రైవరు దిగి, "ఇబ్రావాలే, చలో చలో, యల్లా!" అని అరిచాడు. నిర్మల్ మనిషి నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని, సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. ఇబ్రా సైట్‌కు పోయేవాళ్ళు మా దగ్గర నీళ్ళు తాగడానికి ఆగారట. నా ఖాళీకి సరిపోయిన మనిషి భూమ్మీద ఉన్నాడు. నా లెక్క తప్పలేదు. కంపెనీ ఆయన్ని ఇబ్రాకు రాసింది, అంతే.

ఆ బస్సులోంచే ఒక సర్వేయరు దిగాడు. ఆయనకు బావ రూమ్‌లో మంచం ఇవ్వాలని ఆర్డరు. అందాకా ఆ మంచం మీద పడుకుంటున్నది నేను. బావ నా ట్రంకు పెట్టె బయటికి జరిపాడు. "ఖాళీ ఉన్నదిగ నీ రూమ్‌ల. పో."

"అది నాకోసం పెట్టింది కాదు బావా!"

"ఇప్పుడు నీకోసమే."

లిథియం వాళ్ళు నన్ను బాగానే రానిచ్చారు. నేనే ఊరుకోలేదు. వెళ్ళిన రోజే, ఈ మంచానికి శాస్త్రం ప్రకారం ఇరవై నాలుగు అని రిమోటు అందుకుని మార్చాను. పొద్దున ముందే అలారం పెట్టుకుని లేచి, ముగ్గురినీ లేపి, నల్లాల దగ్గరికి ఎవరు ముందు పోవాలో చెప్పేవాణ్ణి. సోడియం కూరలో ఉప్పు వేస్తుంటే ఆ ఉప్పులో తన పేరు ఎలా ఉందో చెప్పేవాణ్ణి. ఒక రోజు సోడియం గరిట పెట్టి నా వైపు తిరిగి, "సారూ, నా పేరు నేను తింటున్న, నన్ను తిననియ్యి," అన్నాడు. ముదీర్ వచ్చే రోజు దగ్గరపడే కొద్దీ భయం పెరిగి, రూమ్ రూమ్‌కూ తిరిగి తలుపులు కొట్టి, "మీరు సంతోషంగా ఉన్నారా? ఏమైనా గొడవలున్నాయా?" అని అడగడం మొదలుపెట్టాను. డ్యూటీ చేసి వచ్చి కళ్ళు మూసిన మనుషులు లేచి తలుపు తీసి, "లెవ్వు సారూ, ఏ గొడవ లేదు" అనేవాళ్ళు. "నిజంగా లేవా? ఆలోచించి చెప్పండి," అనేవాణ్ణి.

ముదీర్ శుక్రవారం సాయంత్రం వచ్చాడు. కారులోంచి ఒక పెద్ద పళ్ళెం నిండా హల్వా, కహ్వా కాఫీ ఫ్లాస్కు దింపించాడు. అందరూ మెస్ హాల్లో చేరారు. హల్వా చేతులు మారింది. ఆయన ఉర్దూలో అడిగాడు, ఎవరికైనా ఇబ్బంది ఉందా, భయపడకుండా చెప్పండి అని. ఎవరూ లేవలేదు. నాకు ఊపిరి ఆడింది. అప్పుడు కోబాల్ట్ లేచి నిలబడ్డాడు.

"ఏక్ తక్లీఫ్ హై సాబ్."

"ఇబ్బంది ఒకటేనా?" అన్నాడు ముదీర్.

"ఒకటే," అన్నాడు నికెల్ పక్కనుంచి లేచి. వాళ్ళిద్దరూ నా వైపు వేలు చూపించారు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు, ఇప్పుడు ఒకరి మాట ఒకరు పూర్తి చేస్తూ, నేను తలుపులు కొట్టడం, తూచడం, మంచాలు మార్చడం అన్నీ ఏకరువు పెట్టారు. గెట్టు మనుషులిద్దరూ భుజం భుజం తగిలించుకుని నిలబడి, "నిజమే సాబ్, నిజమే," అన్నారు. లిథియం కూడా బుసబుసమన్నాడు. మేనమామ, మేనల్లుడు ఒకే పళ్ళెంలోంచి హల్వా తింటూ తలలూపారు. పొటాషియం ఆఖర్న, "సాబ్, అచ్ఛా ఆద్మీ హై, లేకిన్ సోనే నహీ దేతా," అన్నాడు. మంచివాడే కాని పడుకోనివ్వడని.

బావ నేల చూపులు చూస్తున్నాడు. నాకు విమానం కళ్ళ ముందు కనిపించింది, ఇంటి గుమ్మంలో నాన్న కనిపించాడు. ముదీర్ గడ్డం సవరించుకున్నాడు. తరవాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. ఈ క్యాంపులో ఇంతమంది ఒక మాట మీద నిలబడటం తను ఎన్నడూ చూడలేదన్నాడు. పోయినసారి వచ్చినప్పుడు మనిషికొక గొడవ చెప్పారు, ఈసారి అందరిదీ ఒకటే గొడవ, దాన్ని తీర్చడం తేలిక. "కాగితాలు పెట్టండి వీడికి," అన్నాడు బావతో. "కానీ ఇక్కడ వద్దు. బహ్లా సైట్ స్టోరుకు పంపండి." హాల్లో చప్పట్లు కొట్టారు. నా కాగితాలకో, నన్ను పంపుతున్నందుకో అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడిగినా చెప్పరు.

"బతికినవ్," అన్నాడు బావ బయటికొచ్చాక. "మీ అక్కకు ప్రమోషన్ అని చెప్త. నువ్వు గూడ గదే చెప్పు."

మర్నాడు బహ్లా సైట్‌కు పోయే కంపెనీ బస్సు దాకా నా పెట్టెను సోడియం, పొటాషియం మోశారు. లిథియం వెనకాల పచ్చడి డబ్బా పట్టుకుని వచ్చాడు. బస్సెక్కబోతూ మర్చిపోయిన చెప్పుల కోసం రూమ్‌కు పరుగెత్తి తలుపు తీశాను. అప్పటికే నా మంచం మీద బియ్యం బస్తా పెట్టేశారు. పొటాషియం వెనకాలే వచ్చి తలుపుకు ఆనుకుని, ఏ కోపమూ లేకుండా, "నీకంటె బరువే గని సారూ, పొద్దుగాల్ల లేపదు," అన్నాడు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. బస్సు నిజ్వా దాటి, ఖర్జూరం తోటలు దాటి, బహ్లా కొండల వైపు తిరిగే దాకా ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ పోయాను. ఒకటి చాలా కటువుగా ఉంది, ఒకటి మరీ పొడుగ్గా ఉంది, ఒకదానిలో దేనితోనూ కలవని ఆర్గాన్ ప్రస్తావన వచ్చింది. ఏదీ కుదరలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ బస్సులోని కుర్రాడు, ఇరవై మూడేళ్ళ నేను, నాకు కనిపిస్తాడు. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పచ్చడి డబ్బా పెట్టుకుని, ఎవరూ వినని జవాబు ఒకటి పెదవుల మీద తిప్పుకుంటూ ఉంటాడు. పక్క సీట్లో కూర్చుని ఆ డబ్బా ఒక్క క్షణం పట్టుకుని, "ఇక చాలు నాయనా, దిగాల్సిన ఊరొచ్చింది," అనాలనిపిస్తుంది. వింటాడని నాకు నమ్మకం లేదు.